పెరటి పొయ్యి – పంచాయతీ బాధ్యత

మెదకు ప్రాంతమునకు మెతుకుసీమ యని పేరు. మెతుకున్నచోట పొయ్యి యుండును; పొయ్యి యున్నచోట నిప్పుండును. ఆ నిప్పు మన వశములో నున్నంతకాలము అన్నము వండిపెట్టును. వశము తప్పిన మరుక్షణము వండుకొన్న యింటినే మ్రింగివేయును. ఇది ఎవరికిని తెలియని సంగతి కాదు. అయినను వేసవి వచ్చినదన్న ఏదో యొక ఊరిలో గడ్డివాము కాలినదనియో, పశువుల కొట్టము కాలినదనియో వార్త వినుచునే యున్నాము. తెలిసిన సంగతిని ఆచరించుటలో మనము ఎచ్చట తప్పుచున్నామో పరిశీలించుటకే ఈ పాఠము.

నేడు పల్లెలలో చాల ఇండ్లకు గ్యాసు పొయ్యి వచ్చినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ప్రారంభమైన దీపం పథకము, దేశములో 2016 మే 1న ప్రారంభమైన ఉజ్వల పథకము ఈ మార్పునకు తోడ్పడినవి. నిత్యము వండు వంట ఇంటిలోనికి చేరినది. కాని పెరటి పొయ్యి మాత్రము పోలేదు. స్నానమునకు నీళ్ళు కాగుట కాగు క్రింద మంట పెట్టుచున్నాము. పెండ్లికి, బోనాలకు, దినవారములకు పెరడులో గాడిపొయ్యి త్రవ్వుచున్నాము. మేక తల, కాళ్ళు కాల్చుట ఆరుబయటనే. వానకాలములో మక్క కంకులు, చలికాలములో జొన్న ఊచబియ్యము కాల్చుకొని తినుట మన ప్రాంతమున ఎంతో ఇష్టమైన వేడుక. ఇటీవల యువకులు డాబాల మీద బొగ్గులు రాజేసి, సీకులకు గ్రుచ్చిన కోడి మాంసమును కాల్చుకొనుటయు అలవాటైనది.

ఇందు ఒక చిక్కు గలదు. నిత్యము వెలుగు పొయ్యికి ఒక చోటుండును, దాని చుట్టును ఊడ్చు చేయి యుండును, ఆర్పు వేళ యుండును. ఎప్పుడో ఒకనాడు వెలిగించు పొయ్యికి ఇవి ఏవియు నుండవు. వీలైనచోట మూడు రాళ్ళు పెట్టుదుము, దొరికినదానితో రాజేయుదుము, పని ముగిసిన వెంటనే మరచిపోవుదుము. కావుననే రోజు పొయ్యికంటె పండుగ పొయ్యి యెక్కువ అపాయకరము.

ఒక విందు, ఒక వాము

కొన్ని సంవత్సరముల క్రిందట మేము ప్రచార కార్యక్రమముపై మెదకు పట్టణమునకు సమీపమున నున్న ఒక గ్రామమునకు పోయితిమి. ఆ దినము అచ్చట ఒక పెండ్లి విందు జరుగుచుండెను. గృహస్థు మర్యాదతో మమ్ములను కూడ భోజనమునకు పిలిచెను. ఇంటి వెనుక గాడిపొయ్యి త్రవ్వి పెద్ద గుండిగలలో బగారన్నము, మాంసము వండిరి. సాయంకాలమునకు పంక్తులు ముగిసినవి. వంటవారు గిన్నెలు తోముకొని, కూలి తీసికొని వెడలిపోయిరి. ఎవరో ఒకరు పొయ్యిలోని బూడిదను పారతో ఎత్తి పెరటి వెనుకనున్న పెంటకుప్పపై పోసిరి. చూచుటకు బూడిద తెల్లగా, చల్లగా నుండెను.

మరునాడు మధ్యాహ్నము గాలి లేచెను. ఆ బూడిద క్రింద నిద్రించుచున్న నిప్పు కూడ లేచెను. పెంటకుప్పలోని ఎండుటాకులు అంటుకొని, అచ్చటినుండి నిప్పురవ్వలు ప్రక్క పెరటిలోని వరిగడ్డి వాముపై పడినవి. ఆ వాము విందు చేసినవారిది కాదు. రెండెద్దులు, ఒక గేదె గల చిన్న రైతుది. వానలు పడి పచ్చిక మొలచువరకు ఆ పశువులకు అదియే మేత. జనులు పరుగున వచ్చిరి; బిందెలు తెచ్చిరి. పంచాయతీ ట్యాంకరు ఊరిలోనే యుండెను. కాని ఉదయము మొక్కలకు నీరు పోసి తెచ్చి ఖాళీగా నిలిపియుంచిరి. ట్రాక్టరు నడుపువాడు పొరుగూరికి పోయియుండెను. పశువుల పలుపులు కోసి వాటిని బయటికి తోలగలిగిరి. అగ్నిమాపక శకటము వచ్చునప్పటికి వాము బూడిదయై యుండెను.

ఆ సాయంకాలము పంచాయతీ కార్యాలయము ఎదుట అందరును చేరిరి. పొయ్యి ఆర్పినది ఎవరని ప్రశ్న వచ్చెను. వంటవారు ఆర్పియుందురని తలంచితినని గృహస్థు చెప్పెను. వండుటయే మా పని, ఆర్పుమని మాకెవరును చెప్పలేదని వంటవారు ఫోనులో చెప్పిరి. బూడిద చల్లారినట్లే యుండెనని ఎత్తిపోసినవాడు చెప్పెను. వీరిలో ఎవరును అబద్ధమాడలేదు. వెలిగించుటకు మనిషి యుండెను. ఆర్పుటకు మనిషి లేడు. అంతయే జరిగినది. అచ్చట కూర్చున్న వార్డు సభ్యులలో పలువురు ముందునాడు ఆ పంక్తిలో భోజనము చేసినవారే. మేమును చేసినవారమే. చేతులు కడుగుకొనుచు ఆ పొయ్యి ప్రక్కనుండియే నడచి వచ్చితిమి, దానివంక చూడలేదు.

విందు చేసిన గృహస్థు మరునాడు తన వామునుండి ఒక ట్రాలీ గడ్డి పంపెను. ఇరుగుపొరుగువారు తలా కొన్ని మోపులిచ్చిరి. ఊరి మంచితనము పశువులను నిలిపినది. కాని ఒక్క బిందెడు నీళ్ళతో తీరవలసిన పని, ఊరంతయు కలిసినను పూర్తిగా తీరలేదు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యని మన సామెత. బావి త్రవ్వవలసిన వేళ ముందే గలదని దాని భావము.

నిప్పు స్వభావము

మంట నిలుచుటకు మూడు వస్తువులు కావలెను: కాలు పదార్థము, గాలి, వేడి. ఈ మూడింటిలో ఏ యొక్కటి తీసివేసినను మంట ఆరిపోవును. నీరు పోసినప్పుడు వేడిని తీసివేయుచున్నాము. మూత పెట్టినప్పుడు గాలిని తీసివేయుచున్నాము. మంటకు ఎదురుగా నున్న గడ్డిని లాగివేసినప్పుడు కాలు పదార్థమును తీసివేయుచున్నాము. ఇకముందు చెప్పబోవు జాగ్రత్తలన్నియు ఈ మూడింటిలో ఏదో యొకదానికి చెందినవే. సభ్యులు ఈ సూత్రమును మనసున నుంచుకొన్నచో, ఇందు చెప్పని సందర్భము ఎదురైనను తామే ఉపాయమును ఊహింపగలరు.

చిన్న పొయ్యి పెద్ద ఉపద్రవమునకు కారణమగుటకు చరిత్రలో ఉదాహరణములు గలవు. 1666 సెప్టెంబరులో లండను నగరమున ఒక రొట్టెల దుకాణపు పొయ్యినుండి పుట్టిన మంట, ఎండిన కొయ్య యిండ్లకు గాలి తోడై, నాలుగు దినములలో 13,000కు పైగా ఇండ్లను దగ్ధము చేసినది. తమిళనాడులో 2004 జూలై 16న కుంభకోణములోని ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనము వండు చోట లేచిన మంట ఆకుల కప్పునకు అంటుకొని తరగతి గదులపైకి ప్రాకెను. 94 మంది పిల్లలు ప్రాణములు కోల్పోయిరి. రెండు చోట్లను మొదటి కారణము వంట పొయ్యియే. దానిని ఘోరముగా మార్చినది పైకప్పు, గాలి, సిద్ధముగా లేకపోవుట.

చోటు, గాలి, వేళ

పొయ్యి పెట్టుటకు ముందు నిలుచుండి నాలుగు దిక్కులను, పైభాగమును చూడవలెను. ఇంటి గోడకు, చూరునకు, పందిరికి కనీసము 10 అడుగుల దూరముండవలెను. గడ్డివాము, చొప్పకుప్ప, పత్తికట్టె మోపులు, పిడకల గూడు ఉన్నచోట ఈ దూరము చాలదు. నిప్పురవ్వ గాలిలో చాల దూరము పోగలదు. అట్టి పెరటిలో పొయ్యిని వాముకు వీలైనంత దూరమున, గాలి వాము వైపునకు వీచని పక్కన పెట్టవలెను. అట్టి చోటు లేనిచో ఆ పెరటిలో విందు పొయ్యి వెలిగింపరాదు. పైన కరెంటు తీగలు, చెట్టు కొమ్మలు, ఆరవేసిన బట్టలు ఉండరాదు.

ఆకుల పందిరిక్రిందను, షామియానాక్రిందను పొయ్యి పెట్టుట మిక్కిలి ప్రమాదకరము. ఎండ తగులుచున్నదని వంటవారు బట్ట కట్టుమందురు. వారి బాధ న్యాయమే. అట్టి సందర్భమున వారికి రేకుల నీడ కల్పింపవలెను, లేక ఎండ ముదరకముందే వంట ముగియునట్లు ఏర్పాటు చేయవలెను.

వేసవిలో మన ప్రాంతమున ఉదయముకంటె మధ్యాహ్నము గాలి హెచ్చుగా నుండును. గడ్డియు ఆకులును ఆ వేళకు బాగుగా ఎండియుండును. కావున ఫాల్గుణ, చైత్ర, వైశాఖ మాసములలో ఆరుబయటి వంటను తెల్లవారుజామున ఆరంభించి, గాలి లేచులోపల ముగించుట మేలు. చిటికెడు దుమ్ము పైకి వదలినచో గాలి ఎటు వీచుచున్నదో తెలియును. పొగ ఇంటివైపునకు పోవుచున్నదనిన, నిప్పురవ్వయు ఆ దారినే పోవును.

పొయ్యి చుట్టును ఐదారడుగుల మేర చెత్త, ఎండుగడ్డి చెక్కివేసి, నీరు చల్లి నేలను తడుపవలెను. కల్లాపి చల్లు చేతికి ఇది కొత్త పని కాదు. వంటచెరకును పొయ్యికి ఆనించి పేర్చరాదు. దూరముగా నుంచి కావలసినంత తెచ్చుకొనవలెను. పొయ్యి నోటినుండి బయటికి చొచ్చుకొనివచ్చిన పొడవైన కట్టె చివరకు కాలి క్రిందపడును; అట్టి కొరవియే పెక్కు ప్రమాదములకు మూలము. కట్టెలను పొయ్యికి తగినట్లు నరికి పెట్టుకొనవలెను.

డాబా మీద బొగ్గులు రాజేయువారు ఒక విషయము గమనింపవలెను. క్రింద గడ్డివాములున్న వీథిలో డాబా మీది నిప్పు ఎత్తైన చోటనున్న నిప్పు. దాని రవ్వ ఇంకను దూరము పోవును. బొగ్గులపై ఇనుప జల్లెడ యుండవలెను; గాలి వీచు దినమున ఆ వేడుకను మానుకొనవలెను. వాన వచ్చినదని మండుచున్న బొగ్గుల కుంపటిని గదిలోనికి తీసికొనిపోరాదు. బొగ్గుల నుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో అది నిద్రలోనే ప్రాణము తీయగలదు.

రాజేయుట

పొయ్యి త్వరగా అంటుకొనుటకు పెట్రోలు పోయు అలవాటు కొన్నిచోట్ల గలదు. ఇది ఆత్మహత్యా సదృశము. పెట్రోలు మామూలు వేడిమికే ఆవిరియగును. ఆ ఆవిరి గాలికంటె బరువైనది గనుక నేలపై ప్రాకి, పోసినవాని కాళ్ళ చుట్టును చేరును. అగ్గిపుల్ల గీచినంతనే పొయ్యియు, మనిషియు ఒక్కమారే అంటుకొందురు. ఆరిపోవుచున్న నిప్పుపై కిరోసిను, డీజిలు పోయుటయు అట్టిదే; మంట ధారవెంట డబ్బాలోనికి ఎగబ్రాకును. ఎండుటాకులు, కొబ్బరి పీచు, మక్క బెండ్లు, కాగితము, సన్నని పుల్లలు ఇవి చాలును. ఓపికయే మంచి నూనె.

నూనె మూకుడు

బూరెలు, గారెలు, కోడి మాంసము వేయించు పెద్ద మూకుడు మరియొక ప్రమాదస్థానము. నూనె మితిమీరి కాగినప్పుడు మొదట పొగ లేచును. అది హెచ్చరిక. అప్పుడే క్రింది మంట తీసివేయవలెను. లక్ష్యపెట్టనిచో నూనెయే అంటుకొనును.

మండుచున్న నూనెపై నీరు ఎన్నటికిని పోయరాదు. నీరు నూనెకంటె బరువు గనుక అడుగునకు దిగును. అచ్చటి వేడికి ఒక్కసారిగా ఆవిరియగును. నీరు ఆవిరియైనప్పుడు దాని పరిమాణము సుమారు 1,700 రెట్లు పెరుగును. ఆ విస్ఫోటము మండుచున్న నూనెను మనుష్యుల పైకి చిమ్మును. చేయవలసినది ఒక్కటే: పెద్ద మూతను ప్రక్కనుండి జార్చి మూకుడును కప్పివేసి, క్రింది కట్టెలను లాగివేయవలెను. తరువాత పూర్తిగా చల్లారువరకు మూత తీయరాదు. మూకుడును ఎత్తి దూరముగా పారబోయు ప్రయత్నము చేయరాదు. కావున ప్రతి మూకుడునకు సరిపోవు మూత పొయ్యి వెలిగించుటకు ముందే చేతికందునట్లు ఉండవలెను.

గ్యాసు సిలిండరు

నేడు విందు వంటలకు కట్టెలకు బదులు పెద్ద గ్యాసు పొయ్యిలు కూడ వాడుచున్నారు. ఇంటివాడుకకు ఇచ్చు 14.2 కిలోల సిలిండరు వేరు. వ్యాపార వంటలకు వాడు 19 కిలోల సిలిండరు వేరు. ఇంటి సిలిండరును వ్యాపారమునకు వాడుట చట్టవిరుద్ధము.

ఈ వాయువు గాలికంటె బరువైనది. కారినచో పైకి పోక, పల్లమును వెదకికొని పోవును. కావున గాడిపొయ్యి గుంటకు సమీపమున సిలిండరు నుంచరాదు. కట్టెల పొయ్యి, గ్యాసు పొయ్యి ప్రక్కప్రక్కన పెట్టుట మన విందులలో తరచు కనిపించు తప్పు. సిలిండరును ఎల్లప్పుడును నిలువుగా నుంచవలెను. ఎండనుండియు, పొయ్యి సెగనుండియు దూరముగా నుంచవలెను. గొట్టము పగిలినదా, బిగింపు సడలినదా యని చూచుటకు సబ్బునురుగు పూయవలెను. బుడగలు వచ్చినచో కారుచున్నదని యర్థము. అగ్గిపుల్ల గీచి చూచువారును ఉన్నారు. అది పరీక్ష కాదు, ప్రమాదమును పిలుచుట. వాసన వచ్చినచో రెగ్యులేటరు కట్టివేసి, చుట్టుప్రక్కల నిప్పంతయు ఆర్పి, జనులను దూరముగా పంపి, 1906 సంఖ్యకు ఫోను చేయవలెను.

పిల్లలు, బట్టలు

పొయ్యి చుట్టును మూడడుగుల మేర గీత గీచి, ఆ లోపలికి పిల్లలు రాగూడదని నియమము పెట్టవలెను. కాగులోని వేడినీళ్ళు కూడ నిప్పుతో సమానమే. వండువారు వదులుగా వ్రేలాడు కొంగును నడుమునకు దోపుకొనవలెను. నైలాను, పాలియెస్టరు వస్త్రములు కాలినప్పుడు కరగి చర్మమునకు అంటుకొనును. పొయ్యి వద్ద నూలు బట్టయే మేలు. మద్యము త్రాగినవానిని పొయ్యి దగ్గరకు రానీయరాదు. ఈ మాట విందులలో చెప్పుట కష్టమే. చెప్పకపోవుట ఇంకను కష్టమైన ఫలితమునకు దారితీయవచ్చును.

నివురు గప్పిన నిప్పు

ఈ పాఠమునకు ఇది ప్రాణము. నివురు గప్పిన నిప్పు అని మనము మనుష్యుల గురించి చెప్పుకొను మాట, మొదట పొయ్యిని చూచి పుట్టినదే. అప్పును, నిప్పును మిగిల్చి ఉంచరాదని పెద్దలు చెప్పుదురు. మందమైన బూడిద క్రింద నిప్పుకణిక ఒక పగలు ఒక రాత్రికి మించి కూడ నిలువగలదు. బూడిద గాలిని పూర్తిగా ఆపదు. వేడిని మాత్రము పోనీయదు. పైకి చల్లగా కనబడుటకు కారణమిదియే.

ఆర్పు పద్ధతి ఇట్లుండవలెను. మొదట పెద్ద కట్టెలను విడదీసి ఒక్కొక్కదానిపై నీరు పోయవలెను. పొయ్యిలో నీరు మెల్లగా, ప్రక్కనుండి పోయవలెను. ఒక్కసారిగా కుమ్మరించినచో వేడి ఆవిరి, బూడిద ముఖముపైకి లేచును. తరువాత పొడవైన కట్టెతో కలియబెట్టవలెను. మరల నీరు పోయవలెను. మరల కలియబెట్టవలెను. బుసబుసమను శబ్దము, ఆవిరి నిలిచినంతవరకు ఈ పని ఆపరాదు. చివర చేతి వెనుకభాగమును తాకకుండ దగ్గరగా నుంచి చూడవలెను. వేడి తగులుచున్నచో ఆరలేదని యర్థము.

నీరు పోయకుండ మన్ను కప్పి పోవుట తగదు. మన్నుక్రింద నిప్పు చాల సేపు వేడిగా నుండును. మరునాడు ఆటలాడు పిల్లలు ఉత్తకాళ్ళతో దానిపై అడుగు పెట్టుదురు. బూడిదను ప్లాస్టిక్ గంపలో, గోనెసంచిలో ఎత్తరాదు. పెంటకుప్పపై, చెట్టు మొదట, వాము ప్రక్కన పోయరాదు. మూత గల ఇనుప పాత్రలో ఒక దినము పూర్తిగా నుంచి, తడిపి, తరువాత పొలమునకు తరలింపవచ్చును.

జాతరలు, అడవి

మహాశివరాత్రికి పాపన్నపేట మండలము నాగ్సాన్‌పల్లి వద్ద, మంజీర నది ఏడు పాయలుగా చీలిన చోట, ఏడుపాయల వనదుర్గా భవాని జాతర జరుగును. వేలకొలది కుటుంబములు మ్రొక్కులు తీర్చుకొని బండరాళ్ళ నడుమ, చెట్ల క్రింద వంటలు చేసికొనును. ఒక కుటుంబము పొయ్యి ఆర్పక వెడలినచో, ఆ చోటికి తరువాత వచ్చు కుటుంబము పసిపిల్లను ఆ బూడిద ప్రక్కనే పండుకొనబెట్టును. కావున బయలుదేరునప్పుడు సామానులు లెక్కించుకొనునట్లే పొయ్యి రాళ్ళను కూడ ఒకసారి తడిపి రావలెను. క్రిస్మసు దినములలో మెదకు చర్చికి వచ్చువారికిని, కార్తిక మాసమున వనభోజనములకు పోవువారికిని ఇదియే చెప్పవలసియున్నది.

పోచారము, నర్సాపురము ప్రాంతముల అడవులలో మాఘము గడచినది మొదలు ఆకు రాలి నేలయంతయు పరచుకొని యుండును. రక్షిత అడవిలో నిప్పు రాజేయుట చట్టరీత్యా నేరము. చట్టము మాట అటుంచి, ఆ అడవి అంచునే మన పశువులు మేయుచున్నవని గుర్తుంచుకొన్న చాలును.

మంట లేచినచో

ఆరుబయట పొయ్యి వెలిగించునప్పుడెల్ల రెండు బకెట్ల నీరు, ఒక బకెట్టు ఇసుక, తడిపిన గోనెసంచులు ప్రక్కన ఉండవలెను. మంట చిన్నదిగా నున్న మొదటి ఒకటి రెండు నిమిషములే మన చేతిలోనివి. ఒకరు ఆర్పుచుండగా మరియొకరు వెంటనే 101కి గాని, 112కి గాని ఫోను చేయవలెను. గ్రామము, మండలము, దారిలో కనిపించు గుర్తు స్పష్టముగా చెప్పవలెను. ఒకరు రహదారి మలుపు వద్ద నిలిచి శకటమునకు దారి చూపవలెను. మెదకు పట్టణమునకు 20 కిలోమీటర్ల దూరముననున్న ఊరికి శకటము గంటకు 40 కిలోమీటర్ల వేగముతో వచ్చినను అరగంట పట్టును. ఆ అరగంట ఊరిదే.

వాము అంటుకొన్నచో దానిని రక్షించుటకంటె ముందు పశువులను విప్పవలెను. ప్రక్క వామునకును దానికిని నడుమనున్న గడ్డిని లాగివేయవలెను. వస్తువుల కొరకు మండుచున్న కొట్టములోనికి ఎవరును పోరాదు.

ఒంటిపై బట్ట అంటుకొన్నవారు పరుగెత్తరాదు. పరుగు మంటకు గాలి వీచును. నేలపై పడి దొర్లవలెను. తక్కినవారు గొంగడి గాని, మందమైన నూలు దుప్పటి గాని కప్పవలెను. ఉన్ని సులభముగా అంటుకొనదు. మన గొల్ల, కురుమల గొంగడి ఈ విషయమున మంచి సాధనము.

కాలిన చోటను 20 నిమిషములు ధారగా పారు చల్లని నీటిక్రింద నుంచవలెను. వాపు రాకముందే ఉంగరములు, గాజులు తీయవలెను. చర్మమునకు అంటుకొన్న బట్టను లాగరాదు. మంచుగడ్డ, సిరా, పసుపు, నూనె, పళ్ళపేస్టు పూయరాదు. ఇవి గాయమును చెరచును, వైద్యుని పని కష్టపరచును. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి, 108కి ఫోను చేసి ఆసుపత్రికి పంపవలెను.

పంచాయతీ చేయదగినవి

2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమమున గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూడినవి. మొక్కలకు నీరు పోయుటకు వచ్చిన ఆ ట్యాంకరే, అగ్నిమాపక శకటము చేరువరకు ఊరికి మొదటి రక్షణ. పని ముగిసిన తరువాత దానిని ఖాళీగా గాక నింపి నిలుపవలెను. తాళము ఎవరి వద్ద నున్నదో, వారు లేనప్పుడు నడుపగలవారెవరో కార్యాలయము గోడపై వ్రాయవలెను. దీనికి కొత్త ఖర్చేమియు లేదు.

గ్రామసభలో ఒక చిన్న కట్టుబాటు చేసికొనవచ్చును: ఊరిలో విందు చేయువారు ముందురోజు వార్డు సభ్యునకు చెప్పవలెను, పొయ్యి చోటును సభ్యుడు వచ్చి చూడవలెను, ఆర్పువాని పేరు అప్పుడే నిర్ణయింపవలెను, రాత్రి నిద్రకు పోవుటకు ముందు ఆ వ్యక్తి సభ్యునకు ఆరినదని తెలుపవలెను. ఇది జరిమానాల కొరకు కాదు. విందు చేయువాడు నేరస్థుడు కాడు, అలసినవాడు. అలసినవానికి గుర్తుచేయుటయే పంచాయతీ పని.

ఇండ్ల నడుమనున్న వాములను వేసవికి ముందు ఊరి వెలుపలి కల్లములకు తరలించుటకు, ఒక వామునకును మరియొకదానికిని ఎడమ వదలుటకు రైతులను ఒప్పింపవలెను. పాఠశాలలు, అంగన్‌వాడీలలో వంటశాల చుట్టును ఎండు చెత్త లేకుండ చూడవలెను. ప్రతి సంవత్సరము ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవములు జరుగును. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ప్రత్తి బేళ్ళు, ప్రేలుడు పదార్థములు గల ఓడ ప్రేలినప్పుడు ప్రాణములర్పించిన అగ్నిమాపక సిబ్బంది స్మృతికై వీటిని జరుపుదురు. ఆ వారమున అగ్నిమాపక కేంద్రమువారిని ఊరికి పిలిచి, మూకుడు మంట ఆర్పుట, గ్యాసు కట్టివేయుట స్త్రీలకు, యువకులకు ప్రత్యక్షముగా చూపించుమని కోరవచ్చును.

చర్చకు ప్రశ్నలు

ఈ పాఠమును పంచాయతీ సమావేశమున చదివిన పిమ్మట సభ్యులు ఈ ప్రశ్నలకు సమాధానములు వెదకవలెనని కోరుచున్నాము.

1. మన ఊరిలో ఇండ్లకు ఆనుకొని యున్న గడ్డివాములెన్ని? అవి ఎవరెవరివి?

2. పంచాయతీ ట్యాంకరు ఈ నిమిషమున నిండియున్నదా? తాళము ఎవరి వద్ద గలదు?

3. మండుచున్న నూనెపై నీరు ఎందుకు పోయరాదు? ఈ కారణమును మన ఇంటిలో వండువారికి చెప్పితిమా?

4. ఈ నెలలో మన వార్డులో జరుగబోవు విందులేవి? ఆ పొయ్యిలను ఆర్పువారెవరు?

నాలుగవ ప్రశ్నకు ఒక మనిషి పేరు సమాధానముగా రావలెను. అందరును ఆర్పుదురనునది సమాధానము కాదు. మేము చూచిన ఆ ఊరిలో, మరుసటి సంవత్సరము జరిగిన మరియొక విందునకు పోయినప్పుడు, వాము పోగొట్టుకొన్న ఆ రైతే చేత బిందె పట్టుకొని పొయ్యి వద్ద నిలిచియుండెను. ఎవరు నియమించిరని అడిగితిమి. పంచాయతీయే నియమించినదని చెప్పి, బూడిదను మరియొకసారి కలియబెట్టెను.